రక్షకులా, రక్షకుణ్ణి కొలిచేవాళ్లా?

సందేహం: ప్రాచీన గ్రీకుల గురించిన ఒక అనువాద వ్యాసంలో ఒకచోట ‘సోటెరియాస్టాయ్‌లు’ అనీ, మరోచోట ‘రక్షకుల సంఘం’ అనీ ఉంది. రెండూ ఒకటేనా? ఏది రాయాలి?

సమాధానం: రెండూ ఒకరి గురించే. కానీ రెండూ సరిగా లేవు.

గ్రీకులో ‘సోటేర్’ అంటే రక్షకుడు. గ్రీకుల ప్రధాన దేవుడు జ్యూస్‌కున్న విశేషనామాల్లో ఇదొకటి. రాజులూ దీన్ని బిరుదుగా పెట్టుకున్నారు. మనం మిళిందుడనే ఇండో-గ్రీకు రాజు మినాండర్ నాణేల మీద ఒకవైపు గ్రీకులో ఈ మాట, రెండోవైపు ప్రాకృతంలో ‘త్రాతరస’ అని ఉంటుంది. కాబట్టి దేవుణ్ణి రక్షకుడనండి, త్రాత అనండి, ఇబ్బంది లేదు. సోటెరియాస్టాయ్ మాత్రం ఆ దైవాన్ని కొలిచేవాళ్లు. శైవుల్ని శివులంటే ఎలా ఉంటుంది? పైగా క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఏథెన్స్‌లో ఈ పేరుతో ఉన్న సంఘం కొలిచింది జ్యూస్‌ను కాదు, ‘సోటైరా’ (రక్షకురాలు) అనే పేరున్న ఆర్టెమిస్ దేవతను. సందర్భం చూడకుండా ‘రక్షకుడి భక్తులు’ అని రాసినా పొరపాటే.

దేవుడి పేరుకు ప్రత్యయం చేర్చి భక్తుడనే అర్థం తేవడం మన వ్యాకరణానికీ తెలుసు. ‘వాసుదేవార్జునాభ్యాం వున్’ అన్నాడు పాణిని. వాసుదేవుడి భక్తుడు వాసుదేవకుడు. గ్రీకులు ఒక్కోసారి దేవుడి పేరునూ విశేషనామాన్నీ కలిపేసి, ఆ మొత్తానికి ప్రత్యయం తగిలించేవారు. రోడ్స్ ద్వీపంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ అటబిరియోన్. దాని మీది జ్యూస్‌ను కొలిచే సంఘం ‘డియోసటబిరియాస్టాయ్’. ఇందులో ‘డియోస్’ చూసి తికమక పడకండి, అది జ్యూస్‌కు షష్ఠీ రూపం. సంస్కృతంలోని ద్యౌః, దివః దీని చుట్టాలే.

ఇవి శైవం, వైష్ణవం లాంటి మతశాఖలనుకోకూడదు. డెలోస్ ద్వీపంలో సముద్ర దేవుడు పోసిడాన్‌ను కొలిచే ‘పోసిడోనియాస్టాయ్’ బేరూత్ నుంచి వచ్చిన వర్తకులు, ఓడల యజమానులు, గిడ్డంగుల వాళ్లు. వాళ్ల భవనంలో పూజతో పాటు వ్యాపారమూ సాగేది. అందుకే ‘భక్త సమాజం’ అన్న మాట నాకు నచ్చుతుంది.

ఇక రూపం సంగతి. చివరి ‘ఆయ్’ గ్రీకు బహువచనమే, దాని మీద మళ్లీ ‘లు’ ఎందుకు? ఏకవచనం ‘సోటెరియాస్టేస్’. కమ్యూనిస్టు, టైపిస్టుల్లోని ‘ఇస్టు’ కూడా గ్రీకు ‘ఇస్టేస్’ నుంచి వచ్చిందే కాబట్టి ‘సోటెరియాస్టులు’ అంటే తెలుగు చెవికి కొత్తగా ఉండదు. మొదటిసారి ‘ఆర్టెమిస్ సోటైరా భక్త సమాజం వారు (సోటెరియాస్టులు)’ అని రాసి, తర్వాత పొట్టి పేరు వాడుకోవచ్చు. ‘సోటేర్లు’ అని మాత్రం కుదించకండి, అప్పుడు మళ్లీ రక్షకులే అవుతారు.