రివర్బ్ తీసేయకండి, సెండ్‌కి మార్చండి

మీ డ్రమ్ బీట్‌లో రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని ఎఫెక్ట్) పెడితే కిక్ (పెద్ద డ్రమ్) దెబ్బ మెత్తబడుతోంది, తీసేస్తే స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) పొడిగా వినిపిస్తోంది, పైగా కిక్ సాంపిల్ (రికార్డు చేసిన శబ్దపు ముక్క) చివర ‘టిక్’మంటోంది అన్నారు కదా. కొత్త సాంపిల్స్ వెతకక్కర్లేదండీ.

మీరు రివర్బ్‌ని మాస్టర్ (అన్ని శబ్దాలూ కలిసే చివరి ఛానెల్) మీద పెట్టారు కాబట్టి కిక్ కూడా అందులో మునిగిపోతోంది. దాన్ని సెండ్ ఎఫెక్ట్‌గా (ఒక్కో శబ్దాన్ని కావలసినంతే పంపే విడి ఎఫెక్ట్‌గా) మార్చి, కిక్‌కి సెండ్ సున్నా చేయండి. స్నేర్‌కి కొద్దికొద్దిగా పెంచుతూ వినండి.

తర్వాత కిక్ సాంపిల్ డికే (శబ్దం తగ్గిపోవడానికి పట్టే సమయం) చూడండి. చాలామంది దీన్ని ముట్టుకోరు, నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైన నాబ్ ఇదే. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. కిక్ తోక 600 దాకా సాగితే తర్వాతి బీట్ మీదికి వచ్చేసి బేస్ వాద్యం మంద్రస్వరాలతో కలిసి గందరగోళం అవుతుంది. 250 దగ్గర మొదలుపెట్టి, చెవికి నచ్చేదాకా తగ్గించండి. ఒక జాగ్రత్త: మామూలు సాంపిల్ ప్లేబ్యాక్‌లో పిచ్ (స్వరస్థాయి) ఒక ఆక్టేవ్, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, దించితే సాంపిల్ నిడివి రెట్టింపవుతుంది. అందుకే ముందు పిచ్, ఆ తర్వాతే డికే.

ఇక ఆ ‘టిక్’. మీరు ఎండ్ పాయింట్ (సాంపిల్ ఆగే చోటు) పెట్టినచోట తరంగం ఇంకా సున్నాకి రాలేదు, మధ్యలో తెగిపోతోంది. ఎండ్‌ని కాస్త జరపండి, లేదా 5 మిల్లీసెకన్ల ఫేడ్ అవుట్ (శబ్దం క్రమంగా సున్నాకి తగ్గడం) ఇవ్వండి. అటాక్ (శబ్దం పూర్తి స్థాయికి చేరే సమయం) మాత్రం పెంచొద్దు, కిక్ దెబ్బంతా ఆ మొదటి క్షణంలోనే ఉంటుంది.

ఇవి చేశాక కూడా టిక్ వస్తే ఎండ్ పాయింట్ స్క్రీన్ ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.