ఊరి డబ్బు కౌంటర్‌లో ముందే కట్టేయకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా పిన్నికి 52 ఏళ్ళు. పోయిన నెలలో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. బాబాయిది బస్టాండు దగ్గర టిఫిన్ బండి. ఇన్సూరెన్స్ ఏమీ లేదు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు మొత్తం ఆరు లక్షల దాకా అవుతుందని, ముందు రెండు లక్షలు అడ్వాన్సు కట్టమని చెప్పారు. మా వీధివాళ్ళు, కులసంఘం, బాబాయి చీటీ సభ్యులు తలా కొంత వేసి ఇప్పటికి 1,86,000 నా ఖాతాకు పంపారు. ఇంకా పంపుతున్నారు. దీన్ని అడ్వాన్సుగా కట్టేయమంటారా? నా ఖాతాలో పడింది కాబట్టి నాకు ట్యాక్స్ పడుతుందా? మిగతాదానికి పిన్ని చీటీ పాడాలా, ఇల్లే అమ్మాలా?

జవాబు: కట్టకండి. కనీసం ఈ వారం కట్టకండి. వైద్యం ఆపమని కాదు నేను చెప్పేది. డాక్టరు చెప్పిన పరీక్షలు చేయిస్తూనే ఉండండి. ఆ రెండు లక్షల రసీదు చేతికి వచ్చేలోపు రెండు మూడు తలుపులు తట్టి చూడాలి, అంతే.

మొదటి తలుపు మీ ఇంట్లోనే ఉందేమో. ఇన్సూరెన్స్ ఏమీ లేదని రాశారు గానీ రేషన్ కార్డు సంగతి రాయలేదు. ఒడిశాలో 2018 నుంచి నడిచిన బిజు స్వాస్థ్య కళ్యాణ్ పథకం స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన వచ్చింది. జాతీయ ఆహార భద్రత కార్డు గానీ, రాష్ట్ర ఆహార భద్రత కార్డు గానీ ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం, ఆ ఇంటి ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. టిఫిన్ బండి మీద బతికే ఇంటికి ఈ రేషన్ కార్డు ఉండే అవకాశమే ఎక్కువ. పాత బిజు కార్డు ట్రంకుపెట్టెలో పెట్టుకుని ‘అది ఇప్పుడు పనిచేయదంట’ అని ఊరుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్తగా ఆయుష్మాన్ కార్డు తీయించుకోవాలి. రేషన్ కార్డులో పిన్ని పేరు, వయసు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ముందు చూడండి. పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరు ఒకదాంట్లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే అక్కడే పని ఆగిపోతుంది.

ఆయుష్మాన్ కార్డుకు సరిహద్దు అడ్డు కాదు. విశాఖలోనైనా ఆ పథకంలో చేరిన ఆసుపత్రి అయితే చాలు. కానీ ఒక ఆసుపత్రి పథకంలో ఉన్నా అన్ని జబ్బులకూ ఉండదు. అందుకే రిసెప్షన్‌లో ‘ఆయుష్మాన్ తీసుకుంటారా?’ అని అడిగితే సరిపోదు, ‘క్యాన్సర్ వైద్యానికి తీసుకుంటారా? ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడింటికీనా?’ అని అడగండి. మీకు అంచనా ఇచ్చిన ఆసుపత్రి కాదంటే విశాఖ శివార్లలో అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ ఒకసారి చూపించాకే ఎక్కడ వైద్యం చేయించాలో తేల్చుకోండి. కటక్‌లో ఆచార్య హరిహర క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది గానీ రాయగడ వాళ్ళకు విశాఖ రైలే దగ్గర.

అడ్వాన్సు ఆపమన్నది ఇందుకే. ఆయుష్మాన్ అంటే రోగి డబ్బు కట్టకుండా వైద్యం చేయించే పథకం, కట్టేసిన బిల్లును తిరిగి ఇప్పించేది కాదు. కార్డు కుదరని నిరుపేదల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రీయ ఆరోగ్య నిధి కింద క్యాన్సర్ రోగుల నిధి ఉంది. అదీ ఖర్చు పెట్టేసినదానికి ఇవ్వదు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి దరఖాస్తు పెడితే మంజూరైన సొమ్ము నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. దానికి డాక్టరు సంతకంతో ఖర్చు అంచనా, ఆదాయ ధ్రువపత్రం కావాలి. అంటే ఊరి డబ్బు ముందు కట్టేసి, తర్వాత ప్రభుత్వం దగ్గరికి పరిగెత్తితే రెండూ పోతాయి.

ఈ మధ్యలో పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో ఉన్న చుట్టాలు ‘మా ఆంధ్రా కార్డులో పేరు ఎక్కిస్తాం, ఆరోగ్యశ్రీ వస్తుంది’ అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ వద్దు. అది అక్కడ నివాసం ఉన్నవాళ్ళకే. రెండు చోట్లా పేరుంటే ఆధార్‌లో బయటపడి ఒడిశా కార్డుకే ఎసరు వస్తుంది.

సరే, కార్డు పనిచేసిందనుకుందాం. అప్పుడు ఊరివాళ్ళ 1,86,000 ఎందుకు? చెబుతాను, ఎందుకంటే అసలు ఇబ్బంది అక్కడే. రొమ్ము క్యాన్సర్‌లో కీమో సాధారణంగా మూడు వారాలకోసారి, ఆరు నుంచి ఎనిమిది సార్లు ఉంటుంది. రేడియేషన్ పడితే వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుంచి అయిదు వారాలు. రాయగడ నుంచి రోజూ వెళ్ళి రాలేరు కదా, విశాఖలో గది తీసుకోవాలి. తోడుగా ఒకరుండాలి. బాబాయే తోడుంటే బండి మూతపడుతుంది, ఇంట్లోకి రూపాయి రాదు. కణితి రకాన్ని బట్టి కొందరికి ఏడాది పాటు ఇంజెక్షన్, కొందరికి అయిదేళ్ళు రోజూ మాత్ర ఉంటాయి. గది అద్దె, తిండి, ఆటో, ఇంటి ఖర్చు ఏ కార్డూ ఇవ్వదు. ఊరి డబ్బు ఆదుకోవాల్సింది అక్కడ.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే అందరూ కలిసి పోగుచేసిన సొమ్మంతా ఆపరేషన్ రోజునే అయిపోయింది. నాలుగు నెలల తర్వాత రేడియేషన్‌కి మళ్ళీ అడగడానికి ఆ ఇంటాయనకు నోరు రాలేదు. జనం చెడ్డవాళ్ళు కాదు, మొదటిసారి చెయ్యి విదిలించినట్టు రెండోసారి విదిలించలేరు. అందుకని డాక్టరునే అడిగి అంచనాను దశలవారీగా రాయించుకోండి. ‘తర్వాతి కీమోలు రాయగడ జిల్లా ఆసుపత్రిలో వేయించుకోవచ్చా?’ అని కూడా అడగండి. ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఉచితంగా ఇచ్చే కేంద్రాలు నడుస్తున్నాయి. ఆ డాక్టరు సరేనంటే ప్రయాణాలు సగం తగ్గుతాయి. రైలుకు కూడా ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం ఉంటే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ. కౌంటర్‌లో అడిగితేనే ఇస్తారు.

ఇక ట్యాక్స్. బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఏడాదిలో వచ్చిన సొమ్ము మొత్తం 50,000 దాటితే అది పుచ్చుకున్నవారి ఆదాయంలో కలుస్తుంది. ఒక్కొక్కరు ఇచ్చింది అయిదు వేలేగా అంటే కుదరదు, అన్నీ కలిపి లెక్క. బంధువులంటే ఎవరో చట్టమే చెప్పింది. మేనమామ బంధువే, వియ్యంకుడు కాడు! పెదనాన్న కొడుకు కూడా కాడు. భయపడకండి, కొత్త పన్ను విధానంలో ఇలాంటి మామూలు ఆదాయం 12 లక్షల లోపుంటే కట్టాల్సిన పన్ను ఉండదు. అయితే ఆ డబ్బు మీ ఖాతాలో ఉంటే మీ జీతంతో కలిసిపోయి రేపు మీరే జవాబు చెప్పాలి. పిన్ని, బాబాయి ఇద్దరి పేరుతో ఒక కొత్త ఖాతా తెరిచి మొత్తం అందులోకి మార్చండి, ఎవరు ఎంత పంపారో జాబితా దగ్గరుంచుకోండి. పెద్ద మొత్తం ఇస్తామన్నవాళ్ళను ఆసుపత్రికే, పిన్ని రిజిస్ట్రేషన్ నంబరు మీద కట్టమనండి.

చీటీ ఇప్పుడే పాడొద్దు. మీరు అంకెలు రాయలేదు గనక ఒక లెక్క అనుకుందాం. లక్ష చీటీ, ఇంకా పన్నెండు నెలలు మిగిలి ఉంది, 22,000 వదులుకుని పాడితే చేతికి 78,000. అదే 78,000కు బ్యాంకులో బంగారం పెడితే, వడ్డీ 10 శాతమే అనుకున్నా, ఏడాదికి 7,800. చివర్లో చీటీ వచ్చాక గాజులు విడిపించుకోవచ్చు. తాకట్టు కొట్టుకు మాత్రం పోకండి, నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఇల్లు అమ్మే మాట ఇప్పుడు ఎత్తనే వద్దు. తొందరలో అమ్మే ఇంటికి సగం ధరే పలుకుతుంది. పైగా కీమో అయ్యాక ఆమె పడుకోవాల్సింది ఆ ఇంట్లోనే.

పిన్నికి ఇప్పుడు కొత్త పాలసీ తీసుకుందాం, జబ్బు సంగతి రాయకుండా ఉందాం అని ఏజెంటు ఎవరైనా అంటే ఆయన్ని గుమ్మంలోంచే పంపేయండి. మీకూ, మీ పిల్లలకూ మాత్రం ఈ ఏడాదే తీసుకోండి. ఫారంలో పిన్ని జబ్బు సంగతి అడిగితే దాచకుండా రాయండి.

చివరిగా లెక్కల పుస్తకం. ఒక లాంగ్‌బుక్ కొని సంఘంలో ఒకరి దగ్గర పెట్టండి, మీ దగ్గర వద్దు. వచ్చింది ఒక వైపు, ఖర్చు ఒక వైపు, బిల్లు ఫోటో వాట్సాప్ గ్రూపులో. ఆటోకి ఇచ్చిన ఎనభై రూపాయలు కూడా రాయండి. పెట్టినవాళ్ళు నోరు తెరిచి అడగరు, కానీ టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటారు. మొదటి పేజీలో, డబ్బు మిగిలితే ఏం చేస్తారో కూడా ఇప్పుడే రాసి, బాబాయి చేత, ఇద్దరు పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించండి. సోమవారం ముందుగా రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆయుష్మాన్ కార్డు తీయించడానికి వెళ్ళండి. లాంగ్‌బుక్ దారిలో కొనుక్కోవచ్చు.