ముందు మీ భార్యకు చెప్పండి

ప్రశ్న: నా వయసు 34. పెళ్లయి ఏడేళ్లయింది, ఒక పాప. మా రెండు కుటుంబాల్లోనూ క్రైస్తవులు లేరు. రెండేళ్ల క్రితం నేను బాగా కుంగిపోయి ఉన్నప్పుడు ఒక కొలీగ్ నా కోసం ప్రార్థన చేశాడు. అప్పటినుంచి బైబిల్ చదువుతున్నాను, యేసుప్రభువును నమ్మాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం ఆఫీసు పని ఉందని చెప్పి చర్చికి వెళ్తున్నాను. ఈమధ్య నా భార్య ‘ఇంకో ఆడమనిషి ఎవరైనా ఉందా?’ అని ఏడుస్తూ అడిగింది. ఎవరూ లేరు, ఆఫీసుకే వెళ్తున్నానని ఒట్టేశాను. సంఘంలో వాళ్లేమో బాప్తిస్మం తీసుకో, ఎలా నమ్మావో అందరి ముందు సాక్ష్యం చెప్పు, వీడియో తీసి పెడదాం అంటున్నారు. మనుషుల ముందు తనను ఎరగనన్నవాణ్ణి తండ్రి ముందు తానూ ఎరగనంటానని ప్రభువు అన్న మాట చదివినప్పుడల్లా నిద్ర పట్టదు. నాన్నకు గుండె జబ్బు. తెలిస్తే గడప తొక్కనివ్వరు. అన్నయ్య చేయి చేసుకునే రకం. ఇప్పుడే బయటపడాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

జవాబు: మీ ఉత్తరం చదివాక నా మనసు మీ భార్య దగ్గరే ఆగిపోయింది. భర్తకు ఇంకో సంబంధం ఉందేమోనన్న అనుమానంతో ఆమె ఎన్ని ఆదివారాలు గడిపిందో! మీరు ఒట్టేసినంత మాత్రాన ఆ భయం పోయి ఉంటుందని నేననుకోను. మీరు దాస్తున్నది మీ జీవితంలోకి వచ్చిన ఒక మంచి అని మీకు తెలుసు. ఆమెకు తెలిసిందల్లా మీరు ఏదో దాస్తున్నారని.

బయటపడాలా అంటే, పడాలి. ఆ మాట మొదట వినాల్సింది మాత్రం ఆమె.

మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ వాక్యం మత్తయి సువార్త పదో అధ్యాయంలో ఉంది. దాన్ని విడిగా చదివితే భయమే మిగులుతుంది. కొంచెం పైనుంచి చదవండి. ఆ మాటకు ముందు కొద్ది వచనాల్లోనే యేసు శిష్యులకు భయపడవద్దని మూడుసార్లు చెప్పాడు. ఆ మాట అన్నాయనే, తనను ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురును వదిలెయ్యలేదు. తర్వాత ఒడ్డున కూర్చోబెట్టి, ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను, అంటే తనను నమ్మినవాళ్లను, అతనికే అప్పజెప్పాడు. కాబట్టి మీ పని అయిపోయిందని అనుకోకండి.

నోరు విప్పకపోవడం వేరు, అడిగితే అబద్ధమాడటం వేరు. అరిమతయియ యోసేపు భయపడి రహస్య శిష్యుడిగానే ఉన్నాడని యోహాను సువార్త చెబుతోంది. సిలువ మీది యేసు దేహాన్ని ఇమ్మని రోమా గవర్నరు పిలాతును అడిగిందీ అతనే. యూదుల పెద్ద నికోదేము మొదట యేసు దగ్గరికి రాత్రిపూట వచ్చాడు, తర్వాత పెద్దల మధ్య ఆయన తరఫున ఒక్క మాట అడ్డం వేశాడు, ఆఖరికి సుగంధ ద్రవ్యాలు మోసుకుని సమాధి దాకా వచ్చాడు. వాళ్లకు టైమ్ పట్టింది. మీకూ పట్టింది, అందుకు నేను మిమ్మల్ని తప్పుపట్టను. కానీ మీ భార్య సూటిగా అడిగింది. మీరు ఒట్టేసి మరీ కాదన్నారు. ముందు దిద్దుకోవాల్సింది అదే.

గెరాసేనుల దేశంలో దయ్యాలు విడిచిన మనిషి గుర్తున్నాడా? పడవెక్కి తన వెంటే వస్తానని బతిమాలాడు. యేసు వద్దన్నాడు. ఇంటికి వెళ్లి, నీ మీద ప్రభువు ఎలా జాలిపడ్డాడో నీవాళ్లకు చెప్పమన్నాడు. మీ పరిస్థితికి నాకు ఇంతకన్నా దగ్గరగా కనిపించిన భాగం బైబిల్లో ఇంకొకటి లేదు.

పాప నిద్రపోయాక, టీవీ, ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడండి. క్షమాపణతో మొదలుపెట్టండి. ‘నీ అనుమానం నిజం కాదు, కానీ నేను నీకు అబద్ధం చెప్పింది నిజం. ఆదివారం నేను చర్చికి వెళ్తున్నాను’ అనండి. తర్వాత మీరు కుంగిపోయిన రోజుల గురించి చెప్పండి. ఆ బాధ కూడా ఆమెకు పూర్తిగా చెప్పి ఉండరని నా అనుమానం. ఆమె నమ్మకం తప్పని, ఇన్నాళ్లూ చేసినవన్నీ వృథా అని ఒక్క మాట కూడా అనొద్దు. రమ్మని అడగొద్దు. ఆమెకు చెప్పకుండా చర్చికి కానుకలు ఇస్తూ ఉంటే అదీ చెప్పేయండి, ఇకమీద ఇద్దరూ అనుకుని ఇవ్వండి. పాపను ఆమెకు తెలియకుండా ప్రార్థనకు తీసుకెళ్లడం అసలు చేయకండి.

ఆమె కోప్పడుతుంది. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ కోపాన్ని విశ్వాసం కోసం పడే హింస అని, శ్రమ అని పిలవకండి. మోసపోయానన్న బాధ అది, ఆమెకు ఆ హక్కు ఉంది. నమ్మని భార్య కలిసి ఉండటానికి ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టవద్దని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాశాడు. సంఘంలో ఎవరైనా ఇందుకు విరుద్ధంగా చెబితే వినకండి.

ఆమె కాస్త కుదుటపడ్డాక నాన్నగారి సంగతి. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆమెనే అడగండి, మీకన్నా బాగా తెలిసి ఉండొచ్చు. అన్నయ్య లేని సమయంలో, ఆయన ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు, కూర్చుని చెప్పండి. తండ్రిగా ఆయన్ని చూసుకోవడంలో ఏమీ మారదని మాటల్లో చెప్పి, తర్వాత మందులు తెచ్చివ్వడంలో, ఆసుపత్రికి తీసుకెళ్లడంలో చూపించండి. అన్నయ్య కొడతానని బెదిరిస్తే మాత్రం ఒంటరిగా ఆయన ఎదుట పడకండి. నమ్మకమైన ఒకరికి ముందే చెప్పి ఉంచండి, అవసరమైతే పోలీసులకు చెప్పడానికి వెనకాడకండి. దెబ్బలు తినడం సాక్ష్యంలో భాగమని మీకు ఎవరూ నేర్పకూడదు. మతం మార్చుకునే స్వేచ్ఛను 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణంలో గుర్తించింది. అయితే కొన్నిచోట్ల మత మార్పు గురించి అధికారులకు ముందే తెలియజేయాలనే చట్టాలున్నాయి. బాప్తిస్మానికి ముందు ఒక లాయర్‌ను అడిగి తెలుసుకోండి.

ఇంట్లో వాళ్ల ఆరాధన జరిగేటప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న మీకు త్వరలోనే వస్తుంది. ఇశ్రాయేలు దేవుణ్ణి నమ్మిన సిరియా సేనాధిపతి నయమాను ఇదే అడిగాడు, రాజు తన చేతిమీద ఆనుకుని రిమ్మోను అనే దేవుడి గుడిలో మొక్కేటప్పుడు తానూ వంగాల్సి వస్తుందని. ఎలీషా ప్రవక్త అతన్ని గద్దించలేదు, నెమ్మదితో వెళ్లమన్నాడు. దాన్ని పట్టుకుని అన్నిటికీ తలూపమని నేననను. గొడవ పడకుండా పక్కన నిలబడటానికి చోటుందని మాత్రం అంటాను.

ఇక ఆ వీడియో. వద్దు. మీ భార్య, నాన్నగారు ఫోన్‌లో చూసి తెలుసుకోవాల్సిన విషయం కాదిది. నాలుగో శతాబ్దంలో రోములో విక్టోరినస్ అనే పేరున్న పండితుడు ఉండేవాడు. నేను లోపల క్రైస్తవుణ్ణే, గోడలు మనిషిని క్రైస్తవుణ్ణి చేస్తాయా అని స్నేహితుడితో వాదించేవాడు. ఒకరోజు తనంతట తానే ‘పద, చర్చికి వెళ్దాం’ అన్నాడు. తన విశ్వాసపు ఒప్పుకోలు చాటుగా చెప్పుకునే వీలు కల్పించినా అందరి ముందే చెప్పాడు. క్రైస్తవ గురువు అగస్టీను రాసిపెట్టిన సంగతి ఇది. అతన్ని వేదిక మీదికి ఎవరూ నెట్టలేదు. మీ పాస్టర్‌గారితో కూడా ఇదే చెప్పండి: ‘ముందు ఇంట్లో చెప్పాలి, కొంత సమయం ఇవ్వండి, మాకోసం ప్రార్థన చేయండి.’ మంచి కాపరి అయితే ఆగుతాడు.

వచ్చే ఆదివారం లోపే ఆమెతో మాట్లాడండి. ఆ రోజు బయల్దేరేటప్పుడు ఎక్కడికని ఆమె అడిగితే, చర్చికి అని చెప్పి వెళ్లండి. ఆమె ఏమన్నదో నాకు మళ్లీ రాయండి.