బేస్ ఫేర్ మూడు వేలు, పైన ఇంకో వెయ్యి ఎందుకు? ఎక్కకపోతే అది తిరిగొస్తుందా?

హైదరాబాద్–వైజాగ్ టికెట్‌లో బేస్ ఫేర్, అంటే ఎయిర్‌లైన్ అసలు చార్జి, మూడు వేలే ఉంటే ట్యాక్సులు, ఫీజుల పేరుతో ఇంకో వెయ్యి ఎందుకు పడింది, ప్రయాణం మానుకుంటే అది పోయినట్టేనా అని అడిగారు. పోయినట్టు కాదు. చాలావరకు వెనక్కి వస్తుంది, కానీ అడగాలి.

బుక్ చేసేటప్పుడు రేటు పక్కనుండే చిన్న బాణం గుర్తు నొక్కితే బ్రేకప్, అంటే దేనికెంతో విడివిడి లెక్క, తెరుచుకుంటుంది. అందులో జీఎస్టీ ఎకానమీకి 5 శాతం. బిజినెస్ క్లాస్‌కి 12 ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 చేశారు. ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు అని ఇంకోటి ఉంటుంది, ఎయిర్‌పోర్టులో భద్రత ఖర్చుకి. దేశంలో తిరిగే విమానాలకు 2021 ఏప్రిల్ నుంచి తలకి 200 రూపాయలు. అన్నిటికన్నా బరువైనది యూడీఎఫ్, అంటే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు. ఇది ఎయిర్‌పోర్టు నడిపే కంపెనీకి పోతుంది. ఎంత వసూలు చేయాలో పెద్ద ఎయిర్‌పోర్టులకు ఏరా అనే నియంత్రణ సంస్థ ఖరారు చేస్తుంది. శంషాబాద్‌లో 2022 ఏప్రిల్‌లో దేశీయ ప్రయాణికులకు దీన్ని 281 నుంచి ఒక్కసారిగా 480కి పెంచారు. ఒక్కో ఎయిర్‌పోర్టుకి ఒక్కో రేటు కాబట్టి మీరు వైజాగ్ వెళ్లే టికెట్‌లో పన్నుల లెక్క, తిరిగొచ్చే టికెట్‌లో లెక్క ఒకేలా ఉండవు. అదేం మోసం కాదు.

వైక్యూ, వైఆర్ అని కోడ్‌లు కనిపిస్తే మాత్రం అవి పన్నులు కావు. ఫ్యూయల్ సర్‌చార్జి లాంటివాటికి ఎయిర్‌లైన్ తనకు తాను వేసుకునే చార్జీలు. పన్నుల పక్కన కూర్చోబెడతారు కాబట్టి మనం ప్రభుత్వాన్ని తిట్టుకుంటాం!

మా తమ్ముడు ఒకసారి వాన రోజు ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫ్లైట్ మిస్సయ్యాడు. బుక్ చేసిన సైట్‌లో చూస్తే రీఫండ్ సున్నా. నో-షో అయితే, అంటే చెప్పకుండా ఎక్కకపోతే, అంతేనండి అన్నారు కస్టమర్ కేర్ వాళ్లు. బేస్ ఫేర్ నేను అడగలేదు, యూడీఎఫ్, సెక్యూరిటీ ఫీజు, జీఎస్టీ మాత్రం ఇవ్వమని మెయిల్ పెట్టాను. ఎయిర్‌లైన్ వాళ్లు సైట్‌ని అడగమన్నారు, సైట్ వాళ్లు ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు. కాసేపు ఇలా బంతాట ఆడాక పీఎన్‌ఆర్, బ్రేకప్ కాపీ జతచేసి పౌర విమానయాన శాఖ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టాను. ఆ తర్వాత ఎవరూ ఎవరి మీదా తోయలేదు. వెయ్యికి కాస్త తక్కువ, వాడి కార్డులోనే పడింది.

దీనికి ఆధారం దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ రీఫండ్ నిబంధనలే. క్యాన్సిల్ చేసినా, అసలు ఎక్కకపోయినా చట్టబద్ధమైన పన్నులు, యూడీఎఫ్ లాంటి ఫీజులు తిరిగివ్వాలి. ఆఫర్ టికెట్ అయినా, బేస్ ఫేర్ నాన్-రీఫండబుల్ అయినా సరే. క్యాన్సిలేషన్ చార్జి కూడా బేస్ ఫేర్, ఫ్యూయల్ సర్‌చార్జి కలిపినదానికి మించకూడదు. అందుకే చార్జి 3,500 అని రాసి ఉన్నా, ఆ రెండూ కలిపి 2,400 ఉంటే 2,400 మాత్రమే కోసుకోవాలి. విదేశీ ఎయిర్‌లైన్స్ మాత్రం రీఫండ్ విధానంలో వాళ్ల దేశపు నిబంధనలు చూపిస్తాయి.

ఆన్‌లైన్‌లో బుక్ చేసినందుకు వేసే కన్వీనియెన్స్ ఫీజు మీద ఆశ వదులుకోండి, అది రాదు. నా మటుకు నాకు ఆ పేరే వెటకారంలా ఉంటుంది. ఫారం నింపేది మనం, డబ్బు కట్టేది మనం, ఇక కన్వీనియెన్స్ ఎవరికి? చివరి పేజీలో ముందే టిక్ పెట్టిన ఇన్సూరెన్స్, పది రూపాయల విరాళం లాంటివి ఉంటే తీసేయండి. చిన్నపిల్లలతో వెళ్తుంటే సీటు కొనమని టెన్షన్ పెట్టినా తొందరపడకండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న అమ్మానాన్నల్లో ఒకరి పక్కన సీటివ్వాలని 2024లో డీజీసీఏ చెప్పింది.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఈ లెక్క ఇంకా పెద్దది. లండన్ నుంచి హైదరాబాద్ వచ్చే టికెట్‌లో బ్రిటన్ వాళ్ల ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను ఉంటుంది, దూరాన్ని బట్టి, క్లాసుని బట్టి. ఎకానమీలో పదహారేళ్ల లోపు పిల్లలకు అది లేదు, కాబట్టి పిల్లల టికెట్లలో ఆ లైన్ పడిందేమో ఒకసారి చూసుకోండి.

మీ టికెట్ ఇంకా క్యాన్సిల్ చేయకపోతే ముందు బ్రేకప్ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, తర్వాత ఆ పేజీ దొరకదు. రీఫండ్‌ని వాలెట్‌లోనో, తర్వాతి టికెట్‌కి మాత్రమే వాడుకునే క్రెడిట్ షెల్‌లోనో వేస్తామంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. ఆ ఎంపిక మీది, వాళ్లది కాదు.