ఆ కాగితం మీద తొందరపడి సంతకం పెట్టొద్దు

చిత్తూరు,
ఆదివారం

చిన్నోడా,

మొన్న రాత్రి కోడలు ఫోన్ చేసింది. "పెద్దత్తా, ఆయన సరిగ్గా తినడం లేదు. అర్ధరాత్రి లేచి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. అడిగితే ఏమీ లేదంటాడు" అని ఏడ్చింది. మీ ఫ్యాక్టరీలో జీతం 7న పడాల్సింది 22న పడిందనీ, ఓవర్‌టైం ఆపేశారనీ, రెండు షిఫ్టులు ఒకటి చేశారనీ నాకు చెప్పావు గానీ ఆ పిల్లకు చెప్పలేదని అప్పుడే తెలిసింది. ముందు ఈ రాత్రే చెప్పు. ఇంటి అద్దె, బండి ఈఎంఐ, బిడ్డ స్కూలు ఫీజు ఇద్దరూ కూర్చొని రాసుకోండి. చీటీ ఏదైనా పాడి ఉంటే అదీ రాయండి. నువ్వు దాచడం వల్ల ఆమె ఇంకా పెద్ద కష్టమేదో వచ్చిందని ఊహించుకుంటోంది.

నేను 19 ఏళ్లు ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చేశాను కదా. చివరి సంవత్సరం సరుకు రావడం తగ్గింది. రిజిస్టరు రాసేదాన్ని కాబట్టి అందరికంటే ముందు నాకే అర్థమయింది. అయినా ఏం చేయాలో తోచలేదు. ఒక మధ్యాహ్నం నలుగురు నలుగురిని ఆఫీసు గదిలోకి పిలిచారు. సొంత కారణాల వల్ల మానుకుంటున్నామని టైపు చేసిన కాగితం ముందు పెట్టి, సంతకం పెడితే మూడు నెలల బాకీ జీతం ఈరోజే ఇస్తామన్నారు. మీ అన్న కాలేజీ ఫీజు కట్టాల్సిన వారం అది. పెట్టేశాను. మాలో ఇద్దరు పెట్టకుండా లేబర్ ఆఫీసుకు వెళ్లారు. వాళ్లకు పరిహారం వచ్చింది, నాకు రాలేదు. ఆ సంతకం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏడాదికి మించి చేసిన కార్మికుణ్ణి కంపెనీయే తీసేస్తే నెల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం కూడా ఇవ్వాలి. నీ అంతట నువ్వు రాజీనామా ఇస్తే ఆ పరిహారం అడగలేవు. ఎవరైనా కాగితం ఇస్తే "ఇంటికి తీసుకెళ్లి చదివి రేపు చెబుతాను సార్" అను. మర్యాదగా అను, కానీ సంతకం మాత్రం పెట్టొద్దు. కాపీ ఇవ్వకపోతే ఫోటో అయినా అడుగు.

ఇంకోటి. నువ్వు చేరి 4 ఏళ్ల 9 నెలలు. గ్రాట్యుటీకి, అంటే ఎక్కువ ఏళ్లు చేసి మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి, మామూలుగా 5 ఏళ్లు నిండాలి. చివరి నెల బేసిక్ జీతం, డీఏ (కరువు భత్యం) కలిపి 18 వేలనుకో, దాన్ని 26తో భాగించి, 15తో, తర్వాత 5తో గుణించు. సుమారు 52 వేలు వస్తుంది. చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండా సూపర్‌వైజరు మాట అన్నాడని కోపంలో ఇప్పుడు మానేస్తే ఆ డబ్బు చేజారే ప్రమాదం ఉంది. నిజంగా మంచి ఉద్యోగం దొరికితే మాత్రం దీనికోసం ఆగొద్దు.

పీఎఫ్ ఈరోజే చూడు. జీతంలో కట్ చేసినది కంపెనీ వచ్చే నెల 15 లోపల కట్టాలి. యూఏఎన్‌కు, అంటే నీ పీఎఫ్ నంబరుకు, జత చేసిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిగా ఎంత పడిందో మెసేజ్ వస్తుంది. స్లిప్పులో కట్ అయ్యి, పాస్‌బుక్‌లో పడకపోతే ఆ నెలలన్నీ రాసి పెట్టుకో. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటరు, ఇంక్రిమెంట్ లెటర్లు అన్నీ కాపీ తీసి ఇంట్లో పెట్టు. గేటు మూసేశాక లోపలికి వెళ్లి తెచ్చుకోవడం ఎంత కష్టమో నేను చూశాను. కంపెనీ మారితే పీఎఫ్ తీసేయకుండా బదిలీ చేయించుకో, పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు లెక్కలోకి రావాలి.

ఇక టెన్షన్ సంగతి. గేటు బయట టీ కొట్టు దగ్గర గంటసేపు నిలబడొద్దు. అక్కడ పొద్దున కంపెనీ అమ్మేశారంటారు, సాయంత్రం లేదంటారు. మీ వాట్సాప్ గ్రూపు రాత్రి 9 తర్వాత తెరవకు. జీతం తేదీ, ఆర్డర్లు, మిషన్లు, నువ్వు కళ్లతో చూసినవి మాత్రమే నమ్ము. పని మాత్రం శుభ్రంగా చెయ్యి. రేపు ఇంకోచోట నీ గురించి చెప్పేది పక్క లైనులో నిన్ను చూసినవాళ్లే. రేణిగుంటలో, శ్రీసిటీలో నీతో ఐటీఐ చదివినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకు ఫోన్ చేసి ఖాళీలున్నాయా అని అడుగు. అడగడానికి సిగ్గుపడొద్దు నాయనా. నేను సిగ్గుపడి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను.

నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాడివి. ఆ 3,550 మెట్లు ఎక్కిన రోజు నువ్వు ఒళ్లు మరిచి నిద్రపోయేవాడివని మీ అమ్మ చెప్పేది. ఎందుకు మానేశావు? వచ్చే శనివారం కోడలిని కూడా తీసుకెళ్లు.

ఆ తర్వాతి ఆదివారం ఇక్కడికి రండి. అపాయింట్‌మెంట్ లెటరు, పాస్‌బుక్ ప్రింటు పట్టుకురా. పక్కన కూర్చొని ఒక్కో నెలా చూద్దాం. సంగటి, చింతచిగురు పప్పు చేసి పెడతాను.

మీ పెద్దమ్మ