వర్చువల్ మెషీన్‌లో డేటాబేస్ నెమ్మదించడం గురించి

నమస్కారం అండీ. గాజువాకలోని మీ గిడ్డంగి లెక్కల పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ ఉదయం 10 దాటాక నెమ్మదిస్తోందనీ, కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే వ్యవస్థ) అతిథి యంత్రంలో, అంటే ఆ వర్చువల్ మెషీన్‌లో, సీపీయూ వాడకం మాత్రం 30 శాతం మించడం లేదనీ, వర్చువల్ సీపీయూలను 4 నుంచి 8కి పెంచినా ఫలితం లేకపోయిందనీ రాశారు.

ఆ 30 శాతాన్ని నమ్మకండి. అతిథి యంత్రంలో టాప్ ఆదేశం నడిపి, సీపీయూ వరుస చివర ఉండే 'ఎస్‌టీ' (స్టీల్) శాతాన్ని రద్దీ వేళలో గమనించండి. అది మన యంత్రం పనికి సిద్ధంగా ఉన్నా, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లకు వనరులు పంచే సాఫ్ట్‌వేర్) భౌతిక సీపీయూను ఇతర యంత్రాలకు ఇవ్వడం వల్ల వేచి ఉన్న సమయం. అది పదేపదే 10 శాతం దాటుతుంటే హోస్ట్ (ఈ యంత్రాలన్నిటినీ మోసే భౌతిక సర్వర్) మీద భారం మితిమీరినట్టే. అప్పుడు 8 సీపీయూలు ఉపకారం కన్నా అపకారమే చేయవచ్చు, ఎందుకంటే తాళం (ఒక సమయంలో ఒకే ప్రాసెస్‌ను అనుమతించే లాక్) పట్టుకున్న ప్రాసెస్ నడుస్తున్న వర్చువల్ సీపీయూనే హోస్ట్ పక్కన పెడితే, తక్కినవన్నీ దానికోసం కాచుకొని కూర్చుంటాయి. మళ్లీ 4కి తగ్గించి, పొరుగు యంత్రాలను వేరే హోస్ట్‌కు తరలించమని అడగండి.

'ఎస్‌టీ' సున్నా అయి, అదే వరుసలోని 'డబ్ల్యూఏ' (డిస్క్ కోసం వేచి ఉన్న సమయం) ఎక్కువగా ఉంటే దోషం చాలావరకు డిస్క్‌ది. మధురవాడలో మేము అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్‌ను (డిస్క్ అప్పటి స్థితి నకలు) విలీనం చేయడం మరచి, డిస్క్ నెమ్మదించినా రెండు వారాలు క్వెరీలనే తిట్టుకున్నాం. డిస్క్ ఐడీఈగా (పాత తరహా డిస్క్‌ను అనుకరించే నెమ్మదైన పద్ధతి) ఉందేమో కూడా చూసి, ఉంటే బ్యాకప్ తీశాక వర్టియోకు (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వేగవంతమైన పద్ధతి) మార్చండి.