పీపా నిండా నీళ్లున్నా పైపులో ధార రావడం లేదా?

పీపా అంచుదాకా వాన నీళ్లున్నా హోస్ పైపు చివర బొట్లు బొట్లుగా తప్ప రావడం లేదని మీరు రాసినది చదివి నవ్వు వచ్చింది, ఎందుకంటే ఈ దేశానికి వచ్చిన తొలి వేసవిలో నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను. మొదటి నీటి బిల్లు చూసి గుండె గుభేలుమనడంతో, ఇక మొక్కలకు కుళాయి నీళ్లు పట్టేది లేదని పంతం పట్టి, చూరు నీళ్లు దిగే గొట్టం కింద 200 లీటర్ల పీపాను నేలమీదే నిలబెట్టాను. దానికి పాతిక మీటర్ల సన్నని పైపు, చివర చూడముచ్చటైన స్ప్రే గన్ తగిలించాను. వాటికి పోసిన డబ్బుతో ఆ బిల్లే కట్టేసి ఉండవచ్చు. మీట నొక్కితే గన్ మూతి దగ్గర ఒక బొట్టు ఉబ్బి, కాసేపు వేలాడి, నా చెప్పు మీద పడింది.

పంపు కొనడానికి బయలుదేరబోతూ ఆగి ఆలోచిస్తే తెలిసింది, నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎంత ఎత్తున ఉన్నాయన్నదే లెక్క అని. మీటరు ఎత్తుకు దక్కేది సుమారు 0.1 బార్ పీడనమే, అది స్ప్రే గన్‌కు ఏ మూలకూ చాలదు. కాబట్టి గన్ తీసేయండి, పొట్టిగా, లావుగా ఉన్న పైపు వాడండి, దాని చివరను ఎప్పుడూ పీపాలోని నీటి మట్టం కంటే కిందే, మొక్క మొదట్లోనే పెట్టండి. పీపాను ఎత్తు మీదికి చేర్చేటప్పుడు మాత్రం నాలాగా వదులు ఇటుకలు పేర్చకండి. నిండిన పీపా 200 కిలోలకు పైమాటే, నాది ఒక రాత్రి ఒరిగి, పెంచుకున్న మొక్కలన్నిటినీ చదును చేసింది. కాంక్రీటు దిమ్మెలు గట్టి నేలమీద వేసి నిలపండి.

దోమల భయంతో మూతను గాలి చొరకుండా బిగించినా ధార ఆగిపోతుంది, సన్నని జాలీ చాలు. వాన నీటి నిల్వపై మీ ఊరి నిబంధనలు మీరే చూసుకోగలరు.

రెండో పీపా కొనే తొందర మాత్రం వద్దు. 50 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 500 లీటర్లు దిగుతాయని లెక్క వేసి నేనూ ఆశపడి కొన్నాను; వాన కురిసిన వారం మొక్కలకు నీళ్లే అక్కరలేదు, కురవని నెలలో రెండూ ఖాళీయే. గడ్డకట్టే చలి రాకముందే పీపాలోని నీళ్లన్నీ వంపేయండి. నేను మరిచిన ఏడాది దాని కుళాయి పగిలింది, ఆ ఖర్చు కూడా నీటి ఆదా ఖాతాలోనే రాసుకున్నాను.